అక్కడక్కడా, ఓ మోస్తరు

వీధిలో అతన్ని అందరూ మోస్తరు అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. అతను వాతావరణ కార్యాలయంలో పనిచేస్తాడు. రోజూ సాయంత్రం రేడియోలోనూ టీవీలోనూ, ఈమధ్య అందరి ఫోన్లలోనూ వచ్చే "అక్కడక్కడా తేలికపాటి నుంచి ఓ మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది" అనే వాక్యం అతని చేతుల మీదుగానే లోకంలోకి వెళుతుంది. పేరు అక్కడినుంచి వచ్చింది.

ఆ వాక్యం సామాన్యమైనది కాదు. వాన పడితే అది నిజం. పడకపోయినా నిజమే. "పడలేదేమయ్యా?" అని ఎవరైనా నిలదీస్తే, "అవకాశం ఉందన్నాం, పడుతుందన్నామా?" అనొచ్చు. వాన కుండపోతగా కురిసి ఇంట్లోకి మోకాల్లోతు నీళ్లొచ్చినవాడు తడిబట్టలతో వచ్చి గుమ్మంలో నిలబడితే, "అక్కడక్కడా అన్నాం కదండీ, ఆ అక్కడ మీ ఇల్లే" అని చల్లగా సాగనంపొచ్చు. ఇంత దిట్టమైన వాక్యాన్ని ఏ వకీలూ రాయలేడు.

రాసినవాడు వాళ్ల పెద్దసారు. ఆఫీసులో ఆయన గది మేడమీద. ఊరందరికీ వానల సంగతి చెప్పే ఆ గది కప్పు వానొస్తే కారుతుంది. మ్యాపులు పరిచే బల్ల పక్కనే ఒక ప్లాస్టిక్ బకెట్టు శాశ్వతంగా ఉద్యోగంలో ఉంది. ఆ ఆఫీసులో ఎవరేం చెప్పినా చెప్పకపోయినా, పడ్డ వాన పడ్డట్టు చూపించేది ఆ బకెట్టు ఒక్కటే. పెద్దసారు దాన్ని కాలితో కాస్త అటు జరిపి, కుర్చీ ఇటు లాక్కుని, కొత్తగా వచ్చిన వాళ్లకి పాఠం చెబుతుంటారు. "చూడు నాయనా, గట్టిగా చెప్పకు. చెప్పాల్సొస్తే అందరికీ చెప్పు, ఎవరికీ చెప్పినట్టుండకూడదు." ఆయన సర్వీసు మొత్తంలో ఒక్క సూచన కూడా తప్పలేదు. ఒక్కటి కూడా ఎవరికీ పనికిరాలేదనుకోండి, అది వేరే విషయం.

ఆ దేశంలో పుస్తకాల ప్రకారం కాలాలు ఎన్నున్నా, మనుషులకి మాత్రం ఎండలు, వానలు, ఆ రెంటి మధ్యా వాన కోసం మెడ పైకెత్తుకుని తిరిగే కాలం ఒకటి. ఈ మూడోదాంట్లోనే మోస్తరుకి గిరాకీ. అప్పటిదాకా పలకరించని వాళ్లు కూడా ఆగి, "ఏమండీ, ఎప్పుడొస్తాయి?" అంటారు. రుతుపవనాలు అతని మేనత్త కొడుకులైనట్టూ, బస్సు దిగి ముందు అతని ఇంటికే వస్తాయన్నట్టూ అడుగుతారు. అతను చెబుతాడు. వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోతారు. భార్య మాత్రం అడగనే అడగదు. బట్టలారేసే ముందు డాబా ఎక్కి ఆకాశాన్నే చూసుకుంటుంది. కాపురంలో గొడవలెందుకని ఆమె ఉద్దేశం.

ఊరి నవ్వుని అతను ఓర్చుకోగలడు. ఓర్చుకోలేనిది బావ నవ్వు.

బావది ఇటుకల బట్టీ, ఊరి చివర, ఏటికి ఇవతల. అక్క పెళ్లయి ఆ బట్టీకి వెళ్లేనాటికి మోస్తరు చిన్నవాడు. తల్లి పోయాక అక్క తనతో పాటే తీసుకెళ్లింది. బావ ఒక్క మాట కూడా అనకుండా, ఇంకో కంచం పెట్టమన్నాడు. ఆ రేకుల షెడ్డులో, ఆ మట్టివాసనలోనే అతను చదువుకున్నాడు. అక్క అచ్చులో మట్టి కొడుతూ అతనిచేత పాఠాలు అప్పజెప్పించుకునేది. ఏమీ అర్థం కాకపోయినా, ఎక్కడ తడబడ్డాడో పట్టుకుని "మళ్లీ చెప్పు" అనేది. అబద్ధం చెప్పినా అలాగే పట్టుకునేది. మొహం చూసి.

అంత ప్రేమగా పెంచిన బావ, అతనికి ఉద్యోగం రాగానే మురిసిపోయి చేసిన మొదటి తప్పు అతని మాట నమ్మడం. పచ్చి ఇటుకల సంగతి తెలియని వాళ్లకి చెప్పాలి. అచ్చులోంచి తీసిన ఇటుకని బయట వరసలుగా పేర్చి ఎండబెట్టాలి. బాగా ఎండితేనే బట్టీలోకి ఎక్కించి కాల్చాలి. కాలేదాకా అది ఇటుక కాదు, ఇటుక వేషం వేసుకున్న మట్టి. వాన పడితే వేషం తీసేస్తుంది. పోనీ ఎందుకైనా మంచిదని పట్టాలు కప్పి ఉంచుదామా అంటే, ఆ ఉక్కకి లోపల చెమర్చి తేమ పట్టుకుంటుంది. అలాంటిదాన్ని కాలిస్తే నిలువునా పగులుతుంది. కాబట్టి వానకి ముందు కప్పాలి, వాన లేనప్పుడు కప్పకూడదు. దీనికి చదువుకున్న బావమరిది ఇంట్లో ఉండడం కన్నా అదృష్టం ఏముంటుంది?

మొదటి ఏడాది మోస్తరు ఉత్సాహంగా "వాన వచ్చేస్తోంది బావా" అన్నాడు. బావ ఇటుకలన్నీ కప్పాడు. వారమంతా నిప్పులు చెరిగే ఎండ. కప్పిన ఇటుకలు ఉక్కబోసి, కాల్చినప్పుడు పటపటా పగిలాయి. మరుసటి ఏడు "ఇప్పట్లో రాదు బావా, హాయిగా ఎండబెట్టుకో" అన్నాడు. ఆ సాయంత్రమే ఆకాశానికి చిల్లు పడింది. ఆవరణంతా పాయసంలా తయారైంది.

"వాన పడింది బావా," అన్నాడు మోస్తరు మొదటిసారి గురించి సంజాయిషీగా. "ఏటికి అవతల పడింది. మేం చెప్పింది జిల్లా మొత్తానికి."

"అవతల నాకు బట్టీ లేదురా," అన్నాడు బావ.

నిజానికి అందులో మోస్తరు తప్పు పెద్దగా లేదు. ఆ దేశపు వానలంతే. ఒక వీధిని తడిపి పక్క వీధిని పొడిగా వదిలేస్తాయి. మేఘానికి మ్యాపు తెలియదు. కానీ పగిలిన ఇటుకలకి ఈ శాస్త్రం ఎవరు చెబుతారు?

మూడో ఏడు బావ తన సొంత శాస్త్రం కనిపెట్టాడు. మోస్తరు వాన అంటే పట్టాలు విప్పేశాడు, ఎండ అంటే కప్పేశాడు. ఆ ఏడు ఏటి ఒడ్డున ఉన్న బట్టీలన్నిట్లోనూ బావ ఇటుకే ఎర్రగా, గలగలలాడుతూ కాలింది. అంతే, ఇక ఆగలేదు. టీ బంకు దగ్గర అందరికీ చెప్పాడు. "మా బావమరిది గొప్ప యంత్రమయ్యా. కాకపోతే తిరగేసి చదవాలి." పక్క బట్టీల వాళ్లు కూడా తిరగేసి చదవడం మొదలుపెట్టారు. పని కుదిరినప్పుడు బావకి జేజేలు, కుదరనప్పుడు మోస్తరుకి తిట్లు. ఏడాదికోసారి బావ ప్రేమగా అడిగేవాడు, "ఏరా, ఏమంటోంది మీ ఆకాశం?" అని. మోస్తరు చెప్పేవాడు. బావ తలూపి, సరిగ్గా దానికి విరుద్ధంగా చేసేవాడు. అక్క ఆ రోజు భోజనం వడ్డిస్తూ గిన్నెలు గట్టిగా పెట్టేది.

ఈ ఏడు మాత్రం వ్యవహారం అందరి ఇటుకలది కాదు. అక్క ఇంటిది.

ఊళ్లో సగం గోడలు బావ బట్టీలోంచి వచ్చినవే. ఆయన మాత్రం ఇప్పటికీ రేకుల షెడ్డులోనే ఉంటాడు. ఎండాకాలం అందులో కూర్చుంటే బట్టీలో కూర్చోవడానికీ దీనికీ తేడా ఏమిటో తెలియదు. వానాకాలం రేకుల మీద చప్పుడుకి మొగుడూ పెళ్లాలు పోట్లాడుకున్నా ఒకరి మాట ఒకరికి వినబడదు. ఆ ఒక్క సుఖం ఉంది. ఏటేటా అక్క "ఈసారి ఆఖరున కాల్చే బట్టీ మనకే" అనేది. ఏటేటా ఎవరో ఒకరు ఇల్లు కట్టుకుంటూ అర్జెంటుగా వచ్చి పడేవారు. బావ "పాపం" అనేవాడు. ఈ ఏడు అక్క ఆ "పాపం" అన్న మాటని ఇంట్లోంచి బహిష్కరించింది. చివరి బట్టీ ఇటుకలు తన చేత్తో తనే అచ్చు కొట్టింది. కూలీలని ముట్టనివ్వలేదు. ఏ ఇటుక ఏ గోడలోకి పోతుందో కూడా ఆమెకి తెలుసని బావ ఎగతాళి చేసేవాడు. అవి ఇప్పుడు ఆవరణలో వరసలుగా ఎండుతున్నాయి. ఇంకో రెండు మూడు రోజులు గట్టిగా ఎండ కాస్తే బట్టీలోకి ఎక్కించెయ్యొచ్చు. వానలు మొదలయ్యాయంటే మళ్లీ మట్టి ముట్టుకోవడం వచ్చే ఏడే.

వానలు ఆలస్యమయ్యాయి. ఊరంతా ఉడికిపోతోంది. ఆఫీసు ఫ్యానుల కింద అందరూ "అవకాశం ఉంది", "అవకాశం ఉంది" అని జపం చేస్తున్నారు.

ఆ రోజు పొద్దున మోస్తరు మ్యాపు ముందు కూర్చుని, కదలకుండా చాలాసేపు ఉండిపోయాడు. సముద్రం మీద అల్పపీడనం వాయుగుండమై నేరుగా తమవైపే వస్తోంది. జిల్లా వైపు కాదు, చుట్టుపక్కల కాదు. మ్యాపు మీద తమ ఊరి చుక్క మీదికే, ఎవరో చిరునామా రాసి పంపినట్టుగా వస్తోంది. అతను మళ్లీ చూశాడు. గాలులు చూశాడు, తేమ చూశాడు, ఉపగ్రహం పంపిన బొమ్మలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాడు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి అతనికి అనుమానం అనేది కలగలేదు. తనకి తెలుసు. ఆ తెలియడం ఎంత బాగుందంటే, లేచి ఎవరినైనా కావలించుకోవాలనిపించింది. చుట్టూ చూస్తే బకెట్టు తప్ప ఎవరూ లేరు.

పరుగెత్తుకుంటూ వెళ్లి పెద్దసారు ముందు కాగితం పెట్టాడు. "రేపు మధ్యాహ్నం తర్వాత ఈ ఊరిలో భారీ వర్షం కురుస్తుంది" అని ఉంది అందులో. పెద్దసారు కళ్లజోడు సర్దుకున్నారు. ఎవరో బల్లమీద బతికున్న పామును పెట్టినట్టు చూశారు.

"కురుస్తుందా?" అన్నారు.

"కురుస్తుంది సార్. ఖాయం."

"ఖాయం అనే మాట మన ఆఫీసులో ఎక్కడినుంచి వచ్చింది?" అని పెన్ను తీశారు. 'రేపు మధ్యాహ్నం' కొట్టేసి 'రాగల కొద్ది రోజుల్లో' అని రాశారు. 'ఈ ఊరిలో' కొట్టేసి 'అక్కడక్కడా' అన్నారు. 'భారీ' దగ్గర కాసేపు బాధపడి 'ఓ మోస్తరు' చేశారు. 'కురుస్తుంది'కి 'అవకాశం' తగిలించారు. "ఇప్పుడు చూడు, ఎంత బాగుందో. నువ్వూ క్షేమం, నేనూ క్షేమం."

"ఊళ్లో వాళ్లు సార్?"

"వాళ్లకి గొడుగులున్నాయి కదయ్యా."

సాయంత్రం ఆఫీసు నుంచి బయటపడి మోస్తరు సైకిలు బట్టీ వైపు తిప్పాడు. ఊరికి చెప్పలేకపోయినా అక్కకి చెప్పాలి. దారి పొడుగునా ఆ ఇటుకలే కళ్లముందు కనబడుతున్నాయి. సగం దారిలో అతనికి ఒక విషయం తట్టి, సైకిలు దానంతటదే నెమ్మదించింది. 'వాన వస్తుంది' అని చెబితే బావ ఏం చేస్తాడు? నవ్వుతాడు. నవ్వి, కప్పడానికి సిద్ధంగా ఉన్న పట్టాలు కూడా మడిచి అటక మీద పెట్టేస్తాడు. ఇన్నేళ్లుగా చేస్తున్నది అదే కదా. అంటే నిజం చెబితే అక్క ఇల్లు కొట్టుకుపోతుంది. అబద్ధం చెబితే నిలబడుతుంది.

ఇది తట్టగానే అతనికి తన తెలివి మీద తనకే ముచ్చటేసింది. గాలిని లెక్కలో వేశాడు, తేమని వేశాడు, ఆఖరికి బావ మొండితనాన్ని కూడా వేశాడు. ఇంత సమగ్రమైన సూచన ఆ ఆఫీసు చరిత్రలోనే లేదు. రేపు వాన కురిశాక, ఇటుకలు పట్టాల కింద పొడిగా ఉన్నాయని బావ విర్రవీగుతుండగా, నెమ్మదిగా దగ్గరికి వెళ్లి అసలు సంగతి చెప్పాలి. బావ మొహం ఎలా మారుతుందో చూడాలి. అక్క నవ్వాలి. ఇన్నేళ్ల బాకీ ఒక్కసారిగా తీరిపోవాలి. మిగతా దారంతా అతను ఈల వేసుకుంటూ తొక్కాడు.

బట్టీ దగ్గర ఎండ ఇంకా పచ్చగానే ఉంది. ఆవరణ నిండా ఇటుకలు వరసలు తీరి ఉన్నాయి. మధ్యలో సందుల్లోంచి అక్క నడుస్తూ, ఒక్కోదాన్నీ వేలితో నొక్కి చూస్తూ, ఆరని వైపు ఎండకి తిప్పుతోంది. వరసల చివర నీలం పట్టాలు కుప్పగా పడి ఉన్నాయి. బావ షెడ్డు గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని కాళ్లకంటిన మట్టి గీక్కుంటున్నాడు.

"ఏరా, ఏమంటోంది మీ ఆకాశం?" అన్నాడు.

"చుక్క పడదు బావా," అన్నాడు మోస్తరు. "రేపు కాదు కదా, ఈ వారంలో పడదు. పట్టాలు తీసి లోపల పెట్టుకో. హాయిగా ఎండనీ."

చెబుతూ తను ఎంత బాగా నటిస్తున్నాడో అని లోలోపల మెచ్చుకున్నాడు. అక్క ఇటుక తిప్పుతున్నదల్లా ఆగింది. తలెత్తి మొగుడి వైపు చూసింది. 'విన్నావా?' అన్నట్టు చూసింది. తమ్ముడి మొహం వైపు చూడలేదు. చూసి ఉంటే కథ ఇక్కడే అయిపోయేది. బావ మళ్లీ వెక్కిరిస్తాడని అక్క నొచ్చుకుంటోంది కాబోలు అనుకుని, మోస్తరు మనసులోనే 'ఒక్క రోజు ఓపిక పట్టక్కా' అన్నాడు.

బావ పీట మీంచి లేచి, "సరే," అన్నాడు.

అంతే అన్నాడు. నవ్వలేదు, యంత్రం అనలేదు, తిరగేసి చదవాలి అనలేదు. ఆ 'సరే'లో రవ్వంతైనా వెటకారం లేదు. మోస్తరు అప్పుడే అనుమానపడాల్సింది. కానీ సూచనలు ఇవ్వడమే అతని ఉద్యోగం, పట్టించుకోవడం కాదు. టీ తాగి, అక్క తోటలో కోసిచ్చిన నిమ్మకాయలు సంచీలో వేసుకుని, మళ్లీ ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆఫీసులో ఒక్కసారిగా చీకటి కమ్మింది. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకున్నాయి. మ్యాపులు బల్ల మీంచి లేచి గదంతా తిరిగాయి. ముందు నాలుగు పెద్ద చినుకులు పడ్డాయి. ఆపైన చినుకులని విడిగా చూడ్డం కుదరలేదు. చూస్తుండగానే రోడ్డు కాలవైంది. ఎదురుగా ఆగిన బస్సు మెట్టు మీదికి నీళ్లెక్కాయి. ఒకాయన చెప్పులు చేత పట్టుకుని, చొక్కా తలమీద కప్పుకుని, వాతావరణ కార్యాలయం బోర్డు వైపు చూసి ఏదో అంటూ వెళ్లాడు. ఏమన్నాడో వినబడలేదు గానీ ఊహించడం కష్టం కాదు.

బకెట్టు మోగడం మొదలైంది. పెద్దసారు కుర్చీ అటు జరిపి, కిటికీలోంచి చూసి, తృప్తిగా తలాడించారు.

"చూశావా? చెప్పాం కదా, ఓ మోస్తరు అని."

మోస్తరు ఆ మాట వినిపించుకునే స్థితిలో లేడు. అతను పొంగిపోతున్నాడు. చెప్పిన రోజు, చెప్పిన పూట, చెప్పిన ఊరు. ఇంతటి వానని తను ఒక్కడే ముందుగా చూశాడు. ఈ సంతోషం ఎవరితోనైనా పంచుకోవాలంటే అది అక్కతోనే. సాయంత్రం దాకా ఆగలేక, తలనొప్పి అని చెప్పి బయటపడ్డాడు. గొడుగు మొదటి మలుపులోనే తిరగబడింది. సైకిలు నడిపించుకుంటూ, మోకాళ్లదాకా నీళ్లలో, నోట్లోకి వాన వెళ్తున్నా నవ్వు ఆపుకోలేక వెళ్లాడు. బావతో ఏ మాటతో మొదలుపెట్టాలా అని దారంతా సాధన చేశాడు.

బట్టీ మలుపు తిరగ్గానే అతనికి ఆవరణలో నీలం రంగు కనబడలేదు.

ఇటుకలన్నీ బయటే ఉన్నాయి. బావ, అక్క చెరో కొసా పట్టుకుని ఒక పట్టాని పరచబోతున్నారు. గాలి దాన్ని వాళ్ల చేతుల్లోంచి లాగేస్తోంది. మిగతా పట్టాలు షెడ్డులో అటక మీద ఉన్నాయి. శుభ్రంగా మడిచి, తాడేసి కట్టి మరీ పెట్టారు. బావ ఏ పని చేసినా నీటుగా చేస్తాడు. మోస్తరు సైకిలు అక్కడే పడేసి పరుగెత్తాడు. మూడో కొస పట్టుకున్నాడు. ముగ్గురూ కలిసి ఒక వరసని కప్పేలోగా పక్క వరస మూలలు కరిగాయి. టీలో ముంచిన బిస్కెట్టులా, ముందు అంచులు పోయాయి, తరవాత నడుములు విరిగాయి. పై వరస కింద వరస మీద కూలబడింది. అక్క ఒక ఇటుకని రెండు చేతులతో ఎత్తి గుండెలకి హత్తుకుని షెడ్డులోకి తేబోయింది. గుమ్మం దాకా వచ్చేసరికి చేతుల్లో మట్టి మిగిలింది.

ఆ తరవాత ఎవరూ పరుగెత్తలేదు.

వాన కాస్త తెరిపిచ్చాక ముగ్గురూ షెడ్డులో కూర్చున్నారు. బయట ఎర్రటి బురద, అక్కడక్కడా ఇటుకలుండేవని చెప్పడానికి గుర్తుగా చిన్న దిబ్బలు. రేకుల మీంచి ధారలు పడుతున్నాయి.

"ఎందుకు కప్పలేదు బావా?" అన్నాడు.

బావ తువ్వాలు పిండుకుంటూ, "నువ్వే కదరా చుక్క పడదన్నావు," అన్నాడు.

"నేనంటే... నువ్వెప్పుడు విన్నావు నా మాట?"

"మొన్నటిదాకా వినలేదు. మొన్న మీ అక్క కంచం తోసేసింది. 'ఊరంతా నా తమ్ముణ్ణి చూసి నవ్వుతోందంటే నువ్వు నేర్పిన నవ్వే. ఇవి నా ఇంటి ఇటుకలు. వాడేం చెబితే అది చెయ్యాలి, తిరగెయ్యడానికి వీల్లేదు' అని ఒట్టేయించుకుంది. సరే అన్నాను. నిజం చెప్పాలంటే నాకూ సిగ్గుగానే ఉందిరా. సరదాకి మొదలుపెట్టాను, అది ఊరు పట్టుకుంది." బావ బయటికి చూశాడు. "పొద్దున ఆ మూల నల్లగా కనబడితే నాకు చెయ్యి ఆగలేదు. పట్టాలు దింపబోయాను. 'మా తమ్ముడు పడదన్నాడు' అని ఇది చెయ్యి పట్టుకుంది. మాటంటే మాటే అంది."

మోస్తరు అక్క వైపు చూడలేకపోయాడు. ఆమె గోళ్లలోని మట్టి తీసుకుంటోంది.

"పోనీలేరా," అన్నాడు బావ. అన్నేళ్లలో ఎప్పుడూ అంత మెత్తగా మాట్లాడలేదు. "ఆకాశం ఎవడి చేతుల్లో ఉంది? లెక్క ఎవరికైనా తప్పుతుంది. మట్టి ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉంది. ఎండే పోయింది. వచ్చే ఏడు చూసుకుందాం."

ఆ మెత్తదనం కన్నా బావ పార తీసుకుని వెంటపడి ఉంటే బాగుండేది. ఇన్నేళ్లుగా తను కోరుకున్నది ఇదే. బావ వెటకారం మానెయ్యాలి, తన మాట నమ్మాలి. అన్నీ జరిగాయి. నిన్ననే జరిగాయి.

"వాడి లెక్క తప్పలేదు," అంది అక్క తలెత్తకుండా. "ఆ యంత్రాలే ఏదో తప్పు చూపించుంటాయి. అవునా రా?"

దారి ఇచ్చింది. చిన్నప్పుడు పలక పగలగొట్టి వస్తే, బావ అడగకముందే "దారిలో ఎవరో తోశారట" అని ఇచ్చిన దారి లాంటిదే. అవునంటే సరిపోతుంది. మళ్లీ పాత మోస్తరే, చేతకాని బావమరిదే. దానికి అలవాటు పడే ఉన్నాడు. కాదంటే లెక్క తప్పలేదని తేలుతుంది. జీవితంలో ఒకే ఒక్కసారి అక్షరాలా తప్పలేదని తేలుతుంది, దాంతోపాటు మిగతాదీ తేలుతుంది.

"అంటే అక్కా," అని మొదలుపెట్టాడు. "కొంత అవకాశం... అక్కడక్కడా..."

ఆఫీసు మాటలు వాటంతటవే వచ్చాయి. బావ ఫక్కున నవ్వబోయి ఆపుకున్నాడు. అక్క అప్పుడు తలెత్తి అతని మొహం చూసింది. పాఠంలో తడబడినప్పుడు చూసినట్టు చూసింది.

"నీకు తెలుసు కదరా," అంది.

మోస్తరు చెప్పేశాడు. మ్యాపు దగ్గరినుంచి మొదలుపెట్టి సైకిలు నెమ్మదించిన చోటిదాకా, ఈల వేసుకున్నది కూడా దాచకుండా చెప్పాడు. నిజం చెబితే బావ తిరగేస్తాడని, అందుకే ముందే తిరగేసి చెప్పానని చెప్పాడు. చెబుతుంటే అది తెలివిగా అనిపించలేదు. ఏమీ అనిపించలేదు.

బావ పిండుతున్న తువ్వాలు పక్కన పడేశాడు. తరవాత నవ్వాడు. తొడలు చరుచుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "ఓరి నీ! అయితే ఈసారి కరెక్టే చెప్పబోయావన్నమాట! పూటతో సహా తెలుసన్నమాట! చూశావుటే నీ తమ్ముడు..." అంటూ పెళ్లాం వైపు తిరిగాడు. ఆమె మొహం చూసి నవ్వు మధ్యలోనే వదిలేశాడు.

అక్క లేచింది. మూలనున్న తట్ట అందుకుంది, బురద ఎత్తి మళ్లీ మట్టి గోతిలో పొయ్యడానికి. ఎంత బాధలో ఉన్నా ఆవరణ ఆవరణే, మట్టి మట్టే. గుమ్మంలో ఆగి, వెనక్కి తిరిగి తమ్ముణ్ణి చూసింది. ఆమెకి కోపం లేదు. ఉంటే బాగుండునని మోస్తరు అనుకున్నాడు.

"ఈయనకి నీ మీద నమ్మకం లేదని ఇన్నేళ్లూ ఈయనతో పోట్లాడాను," అంది. "నీకు మా మీద లేదని ఎవరితో పోట్లాడనురా?"